క్రకటోవా బిడ్డ ఏ వాలు మీద నిలబడింది?

అగ్నిపర్వతాల జాబితా ఏది తెరిచినా ఇండోనేషియాలోని క్రకటోవాకి కనీసం రెండు వరసలుంటాయి. 1883 ఎదురుగా తీవ్రత 6 అని, 2018 ఎదురుగా 3 అని. మొదటిది పాత దీవిది, రెండోది అది పోయిన చోట పుట్టిన "బిడ్డ" దీవిది. మొన్న చదివిన ఒక జాబితాలో ఆ 3 పక్కనే "ఓ మోస్తరు విస్ఫోటనం" అని రాశారు. ఆ మాట తప్పు కాదు. విస్ఫోటన తీవ్రత సూచిక లెక్కపెట్టేది గాల్లోకి ఎంత సరుకు లేచింది, ఎంత ఎత్తుకు లేచింది అన్నదే. ఆ లెక్కన 2018 మోస్తరుదే. కానీ ఆ ఏడాది డిసెంబర్ 22 రాత్రి, జావా సుమత్రాల మధ్య ఈ దీవి ఉన్న సుండా జలసంధికి రెండు పక్కలా 430 మందికి పైగా చనిపోయారు. వాళ్ల దాకా లావా రాలేదు, బూడిదా రాలేదు. సముద్రం వచ్చింది.

ఇది చదివినప్పటి నుంచీ నాకు ఒకటే అనిపిస్తోంది. నేల మీది అగ్నిపర్వతానికి పనికొచ్చే కొలబద్దనే దీవికీ వాడుతున్నాం. దీవి విషయంలో ఎంత గట్టిగా పేలుతుందన్నది రెండో ప్రశ్న. దాని పాదం ఎక్కడుంది, ఏ వాలు మీద పేరుకుంది, ఆ వాలు కింద నీళ్లు ఎంత లోతు అన్నవి ముందు అడగాలి. వీటికి జవాబు లేని ప్రమాద పటం సగం పటమే.

1883లోనూ ప్రాణాలు తీసింది నీరే

1883 కథ అందరికీ తెలిసిందే కాబట్టి, నా వాదనకి అవసరమైన రెండు మూడు సంగతులే చెబుతాను. అధికారిక లెక్క ప్రకారం మృతులు 36,417 మంది. వాళ్లలో అత్యధికులు అలల్లో పోయినవాళ్లే. మినహాయింపు సుమత్రా తీరంలోని కెటింబాంగ్ ప్రాంతం. అక్కడికి వేడి బూడిద మేఘం సముద్రం మీదుగానే దాదాపు 40 కిలోమీటర్లు దాటి వచ్చి జనాన్ని కాల్చేసింది.

ఆగస్టు 27న పెద్ద పేలుళ్లు నాలుగు: ఉదయం 5:30, 6:44, 10:02, 10:41. ఈ నిమిషాలు ఇంత కచ్చితంగా తెలియడానికి ముఖ్య కారణం బటావియా (ఇప్పటి జకార్తా) గ్యాస్ కర్మాగారం. అక్కడి గ్యాస్ ట్యాంకుకి తగిలించిన పీడన లేఖిని గాలి ఒత్తిడిలో వచ్చిన ప్రతి కుదుపునీ కాగితం మీద గీసిపెట్టింది. 10:02 నాటిదే అన్నిటికన్నా పెద్దది. దాని చప్పుడు 4,800 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రపు అవతలి వైపున్న రోడ్రిగ్స్ దీవిలో ఫిరంగుల మోతలా వినిపించింది. అయితే జావా తీరంలోని అన్యర్ ఊరు 10:02 దాకా మిగల్లేదు. ఉదయం ఆరున్నర ప్రాంతంలో వచ్చిన అలకే తుడిచిపెట్టుకుపోయింది. అంటే అతిపెద్ద పేలుడుకి మూడు గంటలకు పైగా ముందు.

అలల్ని పుట్టించింది ఏమిటన్న దాని మీద శాస్త్రవేత్తల్లో చాలాకాలం తగవు నడిచింది. సముద్రపు అడుగు ఒక్కసారిగా కుంగడమని కొందరు, నీటి అడుగున పేలుళ్లని కొందరు అన్నారు. ఎక్కువమంది ఒప్పుకునేది మూడో వాదన: కొండ మీంచి దిగిన ఘన కిలోమీటర్ల కొద్దీ వేడి బూడిద, నురగరాయి ప్రవాహం సముద్రంలో పడి నీటిని పక్కకి తోసేసింది. నాకూ ఇదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. ఎంత సరుకు, ఎంత వేగంతో, ఏ దిక్కున నీళ్లలోకి దిగిందన్నదే అలని తేల్చింది. చప్పుడుకీ అలకీ మధ్య లంకె అంత బిగుతుగా లేదు.

బిడ్డ పుట్టిన చోటు

1883కి ముందు క్రకటోవా దీవి మీద మూడు శిఖరాలుండేవి: రకాటా, దనాన్, పెర్బువాతన్. దనాన్, పెర్బువాతన్ పూర్తిగా పోయాయి. 800 మీటర్లు దాటిన రకాటాలో ఉత్తరపు సగం పోయి దక్షిణపు సగం మిగిలింది. ఆ మిగిలిన సగాన్ని సముద్రం వైపు నుంచి చూస్తే అగ్నిపర్వతం కడుపులో ఏముంటుందో కళ్లకి కడుతుంది. కత్తితో నిలువునా కోసినట్టున్న గోడలో లావా పొర, దాని కింద వదులు రాళ్లూ బూడిదా, దాని కింద మళ్లీ లావా. ఈ పొరల్ని అడ్డంగా చీల్చుకుంటూ పైకి లేచి గట్టిపడిన శిలాద్రవపు గోడలు కనిపిస్తాయి. బయటి నుంచి ఏకశిలలా కనపడే కొండ నిజానికి గట్టి పలకల మధ్య ఇసుక పోసి పేర్చిన దొంతర.

పోయిన చోట దాదాపు 250 మీటర్ల లోతున గుంట మిగిలింది. 1927 డిసెంబర్ 29న ఆ గుంట ఈశాన్యపు అంచున నీళ్లు ఉడకడం మొదలైంది. మొదట తేలిన బూడిద దిబ్బల్ని అలలు మళ్లీ మళ్లీ కోసేశాయి. 1930 ఆగస్టులో తేలింది మాత్రం నిలిచింది. దానికే అనాక్ క్రకటోవా, అంటే క్రకటోవా బిడ్డ, అని పేరు.

నా వాదనంతా ఆ "ఈశాన్యపు అంచున" అన్న మాటలోనే ఉంది. గుంట మధ్యలో పుట్టి ఉంటే కొండ చుట్టూ సమానంగా పేరుకునేది. ఇది గట్టు మీద పుట్టింది. ఒకవైపు లోతు తక్కువ, నైరుతి వైపు నిటారుగా గుంట అడుగుదాకా జారుడు. పైగా పుట్టినప్పటి నుంచీ దీని బిలం నెమ్మదిగా నైరుతికే జరుగుతూ వచ్చింది. అంటే కొత్త బరువంతా ఆధారం లేని వైపే పడుతోంది. 2018 నాటికి నీటి పైన ఎత్తు 338 మీటర్లు. ఎనభై ఎనిమిదేళ్లలో పెరిగిన ఎత్తది, ఏడాదికి దాదాపు నాలుగు మీటర్ల చొప్పున. నైరుతి వైపు నీటి కింది భాగాన్ని కూడా కలుపుకుంటే శిఖరం నుంచి పాదం దాకా దాదాపు 600 మీటర్ల వాలు. పడవలోంచి ఫోటో తీసేవాళ్లకి దొరికేది అందులో పైసగమే.

ఆ వాలు దేనితో తయారైందో కూడా చూడాలి. మొదటి మూడు దశాబ్దాలు బిలంలోకి నీళ్లు వస్తూనే ఉండేవి. నీరు తగిలిన శిలాద్రవం పేలి, సన్నటి బూడిదై చుట్టూ పడేది. 1960 తర్వాత బిలం నీటికి అందనంత ఎత్తుకు చేరాక లావా ప్రవాహాలు మొదలయ్యాయి. లావా ఒడ్డు దాటి సముద్రంలో పడగానే పైచర్మం గాజులా గట్టిపడి, ఒక్కసారిగా చల్లబడటంతో పగిలి, నల్లటి గాజు ఇసుకై వాలు మీదికి జారిపోతుంది. ఆ ఇసుక మీదే తర్వాతి లావా పలక పరుచుకుంటుంది. దీవి విశాలమైనట్టు కనిపిస్తుంది. ఆ కొత్త నేల కింద ఉన్నది మాత్రం పోసిన ఇసుక ఎంత వాలుగా నిలబడగలదో అంత వాలుగా నిలబడిన గుట్ట.

కూలిన రాత్రి

2018 జూన్ నుంచీ కొండ ఉరుముతూనే ఉంది. హెచ్చరిక నాలుగు స్థాయిల్లో రెండోది. బిలం నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఎవరూ వెళ్లకూడదన్నది నియమం. డిసెంబర్ 22నాటి విస్ఫోటనంలో అంతకుముందు నెలల్లో లేని కొత్తదనం పెద్దగా ఏమీ లేదు. రాత్రి తొమ్మిదికి కాస్త ముందు, సుమారు 8:55కి, నైరుతి పక్క జారింది.

జారింది ఎంత? శిఖరం 338 మీటర్ల నుంచి 110కి పడిపోవడం చూసి మొదట్లో చాలా ఎక్కువ అంచనా వేసినవాళ్లున్నారు. ఉపగ్రహ రాడార్ చిత్రాలు, నౌకల మీంచి తీసిన సముద్రపు అడుగు పటాలు వచ్చాక సంగతి తేటపడింది. ఆ రాత్రి జారింది నీటి పైదీ కిందిదీ కలిపి ఘన కిలోమీటరులో అయిదో వంతు అటూ ఇటూ, అంటే సుమారు 20 కోట్ల ఘన మీటర్లు. శిఖరంలో మిగిలిందాన్ని తర్వాతి రోజుల పేలుళ్లు తినేశాయి. గాయం బిలాన్ని తెరిచేయడంతో సముద్రం నేరుగా శిలాద్రవానికి తగిలింది. కోడిపుంజు తోక ఈకల్లా నల్లటి బూడిద చిమ్మే పేలుళ్లు అప్పుడు మొదలయ్యాయి. విస్ఫోటనం ముదిరి కొండ కూలిందని చాలామంది చెప్పుకునే వరస తలకిందులుది. కొండ కూలాకే విస్ఫోటనం ముదిరింది.

పక్కనే ఉన్న సెర్టుంగ్, పంజాంగ్ లాంటి దీవుల మీద నీరు 80 మీటర్లు దాటిన ఎత్తు దాకా ఎక్కి చెట్లని గీసేసింది. సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని జావా తీరానికి అరగంట తర్వాత చేరింది. ఈ అరగంటని కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు: లోతుని మీటర్లలో తీసుకుని పదితో గుణించి వర్గమూలం తీస్తే అల వేగం సెకనుకి ఎన్ని మీటర్లో వస్తుంది. 250 మీటర్ల లోతు గుంటలో సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 40 మీటర్ల లోతు చోట సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72. జలసంధిలో చాలా భాగం లోతు తక్కువ కాబట్టే అంత సమయం పట్టింది.

ఆ అరగంట ఎలా వృథా అయింది? 2004 తర్వాత ఇండోనేషియా కట్టుకున్న సునామీ హెచ్చరిక వ్యవస్థ భూకంపంతో మొదలవుతుంది. పెద్ద భూకంపం నమోదైతే నిమిషాల్లో హెచ్చరిక వెళుతుంది. చరియ జారడం వల్ల పుట్టే కంపనం నిదానమైనది, తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది. మామూలు లెక్కలో అది 3.4 తీవ్రత భూకంపంతో సమానమని తేలింది. 3.4కి ఏ సైరనూ మోగదు. జలసంధిలో అలని పట్టే తేలుడు పరికరాలూ అప్పటికి పనిచేయడం లేదు. ప్రజలకి నేర్పింది కూడా "నేల చాలాసేపు ఊగితే గుట్టెక్కండి" అనే. ఆ రాత్రి తీరంలో నేల ఊగలేదు. ఇక కొండ ఉరుము ఆర్నెల్లుగా వింటున్నదే.

సముద్రమట్టం కొలిచే కేంద్రాల రీడింగులు చూడండి. జావా వైపు జాంబు దగ్గర 9:27కి 0.9 మీటర్లు. చివాందన్ రేవులో 9:33కి 0.35. సుమత్రా వైపు కోటా అగుంగ్‌లో 9:35కి 0.36. లాంపుంగ్‌లోని పంజాంగ్ రేవులో 9:53కి 0.28. ఒకచోట మూడడుగులు, మిగతా చోట్ల అడుగు అటూ ఇటూ. తెరిపిగా ఉన్న బీచీల్లో మాత్రం కొన్నిచోట్ల నీరు పది మీటర్లకు పైన ఎక్కిన గుర్తులు దొరికాయి. పరికరాల తప్పేమీ లేదు. అవి ఓడల కోసం, మరుగున్న రేవుల్లో పెట్టినవి. ఆ అంకెలే చూస్తే పౌర్ణమి పోటు అనిపించడం సహజం. మొదటి అధికారిక ప్రకటన కూడా అలాగే పోటు అనే చెప్పింది, తర్వాత సరిదిద్దుకున్నారు.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది తర్వాత జరిగిన మార్పు. డిసెంబర్ 27న హెచ్చరికని మూడో స్థాయికి పెంచి, నిషిద్ధ వలయాన్ని రెండు నుంచి అయిదు కిలోమీటర్లు చేశారు. ఎగిరిపడే రాళ్లకి ఆ వలయం సరైనదే. చనిపోయినవాళ్లలో అత్యధికులు మాత్రం 40, 50 కిలోమీటర్ల అవతల ఉన్నారు. బిలం చుట్టూ గీసిన గుండ్రని గీత ఎంత పెద్దదైనా నైరుతి వాలు గురించి ఏమీ చెప్పదు.

"ముందే తెలుసు కదా" అన్న మాట

ఇక్కడ నా వాదనకి ఎదురు నిలిచే విషయాల్ని దాటవేయకూడదు. 2012లోనే ఒక శాస్త్రవేత్తల బృందం సరిగ్గా ఈ నైరుతి వాలే జారితే ఏమవుతుందో లెక్క కట్టింది. 0.28 ఘన కిలోమీటర్లు జారితే పక్క దీవులకి నిమిషంలోపే 15 నుంచి 30 మీటర్ల అలలు, జావా తీరానికి 35 నుంచి 45 నిమిషాల్లో అలలు వస్తాయని. దిక్కు, పరిమాణం, సమయం దాదాపు సరిపోయాయి. అయితే ఆ పత్రం ఎప్పుడు జారుతుందో చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు. "ఎప్పుడైనా" అన్న జవాబుతో ఏ అధికారి ఒక తీరాన్ని ఏళ్ల తరబడి ఖాళీ చేయించగలడు?

కదలిక కొలిస్తే చాలదా అంటే, కొలిచారు కూడా. ఉపగ్రహ రాడార్ చిత్రాల్ని తర్వాత తిరగేస్తే ఆ వాలు 2018 మొదటి నుంచీ సముద్రం వైపు జరుగుతున్నట్టు కనిపించింది. కానీ జరిగే ప్రతి వాలూ కూలదు. హవాయిలో కిలవేయా దక్షిణపు పక్క దశాబ్దాలుగా ఏడాదికి సెంటీమీటర్ల కొద్దీ సముద్రం వైపు జరుగుతూనే ఉంది, నిలబడే ఉంది. కానరీ దీవుల్లో లా పాల్మా పడమటి పక్క ఒక్కసారిగా కూలి అట్లాంటిక్ అంతటా అలలు లేపుతుందని ఇరవై ఏళ్లకు పైగా భయపెట్టారు. 2021లో అదే కొండ 85 రోజులు లావా కక్కింది, పక్క కదల్లేదు. దీవుల వాలుల గురించి ఎవరు మాట్లాడినా అతిశయోక్తి అనుకునే అలవాటుకి ఇలాంటి భయాలూ కొంత కారణమే.

అయినా నేను వెనక్కి తగ్గను, ఎందుకంటే రెండో వైపు, అంటే నిజంగానే కూలిన దీవుల జాబితా కూడా చిన్నది కాదు. 1741లో జపాన్‌లోని ఒషిమా-ఒషిమా. 1888 మార్చి 13న పపువా న్యూగినీ దగ్గరి రిట్టర్ దీవి, క్రకటోవా పేలిన అయిదేళ్లకే. రిట్టర్‌లో ఘన కిలోమీటర్ల కొద్దీ కొండ సముద్రంలోకి జారిపోయి, నెలవంకలాంటి గోడ మిగిలింది. దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ, దాని చప్పుడు ప్రపంచం చుట్టూ తిరగలేదు కాబట్టి. 2002 డిసెంబర్ 30న ఇటలీలోని స్ట్రాంబోలిలో సియారా దెల్ ఫ్వోకో వాలు జారి, ఊళ్లో పది మీటర్ల దాకా నీరు ఎక్కింది. చలికాలం కాబట్టి బీచీ ఖాళీగా ఉంది.

అయితే ఏం కొలవాలి

జారే క్షణాన్ని ముందుగా చెప్పలేమని ఒప్పుకుంటే పని తేలికవుతుంది. జారిందని నిమిషంలో తెలుసుకోవడం మీద దృష్టి పెట్టొచ్చు. జావా తీరానికి అరగంట ఉంది. స్ట్రాంబోలిలో అంత కూడా లేదు, అక్కడ లెక్క నిమిషాల్లోనే. అయినా వాళ్లు తీరానికి దగ్గర నీళ్లలో అల కొలిచే పరికరాలు పాతి, అల పట్టుబడగానే మనిషి ప్రమేయం లేకుండా సైరన్లు మోగే ఏర్పాటు చేసుకున్నారు.

సుండాలో కూడా 2018 తర్వాత చవకైన సముద్రమట్టం పరికరాలు పెట్టారు. నీటి మీదికి వేలాడే సెన్సార్, సౌర పలక, బ్యాటరీ, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా కొన్ని సెకన్లకోసారి వెళ్లే రీడింగు. ఖరీదైన తేలుడు పరికరాలు తాళ్లు తెగి కొట్టుకుపోతాయి, దొంగల పాలవుతాయి, మరమ్మతుకి నౌక కావాలి. జెట్టీకి బిగించిన పెట్టెని నిచ్చెన వేసి బాగుచేయొచ్చు. అసలు చిక్కు చోటుతోనే. తీరంలో పెడితే అల వచ్చాకే చెబుతుంది. రకాటా, సెర్టుంగ్, పంజాంగ్ దీవుల మీద పెడితే నిమిషంలోపే తెలుస్తుంది. కానీ అక్కడ బూడిద సౌర పలకల్ని కప్పేస్తుంది, ఆమ్లవాయువులు తీగల్ని తింటాయి, అల వస్తే పరికరమే పోతుంది.

పోతే పోనివ్వండి, అదీ సమాచారమే అంటాను. ఒక్క పరికరం మూగబోతే బ్యాటరీ అయిపోయిందనుకోవచ్చు. కొండకి రెండు వైపులా వేర్వేరు దీవుల మీద ఉన్నవి ఒకే నిమిషంలో మూగబోయి, అదే నిమిషంలో తీరపు భూకంప కేంద్రాల్లో నిదానమైన కంపనం కూడా కనిపిస్తే, దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి. మూడింటిలో ఏ ఒక్కటీ చాలదు, మూడూ కలిస్తే తప్పుడు హెచ్చరికలు బాగా తగ్గుతాయి. దీనికి భూకంపాల సంస్థ, అగ్నిపర్వతాల సంస్థ ఒకే తెర చూడాలి. 2018 నాటికి సునామీ ఒకరి పని, కొండ ఇంకొకరి పని.

నీటి కింది వాలు సంగతి ఇంకా వెనకబడే ఉంది. రాడార్ ఉపగ్రహం నీటి గీత దగ్గరే ఆగిపోతుంది. కింద ఏముందో చూడాలంటే నౌక మీద మల్టీబీమ్ సోనార్ (శబ్ద తరంగాలతో సముద్రపు అడుగుని కొలిచే పరికరం) పెట్టుకుని వెళ్లాలి, ఒక్కసారి కాదు, అదే గీతల మీద మళ్లీ మళ్లీ. కూలాక వెళ్లి చూసినవాళ్లకి గుంట అడుగున డెబ్బై మీటర్ల ఎత్తు దాటిన దిమ్మలు పడి ఉండటం కనిపించింది. కూలకముందు అలాంటి పటాలు ఏడాదికొకటి ఉండి ఉంటే పాదం దగ్గర ఎంత సరుకు పేరుకుంటోందో కనీసం అంకె ఉండేది.

బిడ్డ మళ్లీ పెరుగుతోంది. 2019 మొదటి వారాలకే బూడిద పేరుకుని గాయం చుట్టూ గోడ లేచింది. తర్వాతి విస్ఫోటనాలు ఆ గుంటని పూడ్చుతూ వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో హెచ్చరిక మళ్లీ మూడో స్థాయికి వెళ్లింది. పూడుతున్నది పాత గాయమే, పూడ్చుతున్నది వదులు సరుకే, వాలు దిగేది ఆ నైరుతి గుంటలోకే. పాత చరియ అడుగున పడి గుంట లోతు కొంత తగ్గింది కాబట్టి, ఇంకో 2018కి కావలసినంత బరువు చేరడానికి సమయం పట్టవచ్చు. ఎంత సమయమో తేల్చాలంటే రెండు అంకెలు పక్కపక్కన కావాలి: శిఖరం ఎత్తు, నైరుతి పాదం లోతు. కొండ గురించిన ప్రతి నివేదికలోనూ మొదటిది ఉంటుంది. రెండోది కూడా, సోనార్ పటం తీసిన తేదీతో సహా, అదే పేజీలో అచ్చు వేయాలి.